నాలుగు బోల్టుల మెట్టు

కోయంబత్తూరు పక్కన తుడియలూరులో, రంగనాథన్ ఇంట్లో, బాత్‌రూమ్ గుమ్మం ముందర ఒక మెట్టు ఉండేది. మోకాలంత ఎత్తు, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. నాలుగు మూలల్లోనూ నాలుగు బోల్టులు, ఒక్కొక్కటి బొటనవేలంత లావున, మరలతో సహా పైకి నిక్కి చూస్తుండేవి. బాత్‌రూమ్ మెట్టుకి బోల్టులెందుకని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. పాతవాళ్ళు అడిగేవాళ్ళు కాదు. అడిగితే రంగనాథన్ చెబుతాడని వాళ్ళకి తెలుసు.

రంగనాథన్ నలభై ఏళ్ళు మోటార్లకి వైండింగ్ కట్టినవాడు. కాలిన మోటరు ఏది తెచ్చినా పాత తీగ పీకి కొత్త తీగ చుట్టి బావిలోకి దింపించేవాడు. కాంక్రీటులో మాత్రం అతనికి చేతనైంది ఒకటే, మోటరుని బోల్టులతో బిగించడానికి కింద పోసే దిమ్మె, బెడ్డు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇల్లు కడుతున్నప్పుడు మేస్త్రి బాత్‌రూమ్ మెట్టు దగ్గరికొచ్చేసరికి, "ఇది నేను పోస్తా, నీవు ఇంటికి పో" అన్నాడు. పోశాడు. బెడ్డు పోశాడు. బోల్టులు లేని బెడ్డు పొయ్యడానికి చెయ్యి ఒప్పుకోక బోల్టులు కూడా నిలబెట్టాడు.

అందులో వెయ్యనిదంటూ లేదు. ఒక పాలు చాలిన చోట రెండు పాళ్ళు సిమెంటు. బావమరిది అప్పసామి లేతు పట్టరలోంచి, అదే వర్క్‌షాపులోంచి, రెండు గోతాల ఇనుప రజను. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం. పన్నెండు డజన్ల గుడ్ల తెల్లసొన. పచ్చసొన పారెయ్యలేక ఆ ఇంట్లో తొమ్మిది రోజులు మూడు పూటలా పచ్చసొన కూరే. గుడ్డంటే పడని అతని తల్లి ఆ తొమ్మిది రోజులూ కూతురింట్లో ఉండిపోయింది. పోసిన తర్వాత తడి గోతాలు కప్పి, రోజుకి నాలుగు సార్లు నీళ్ళు చల్లి, మాల వేసుకున్నవాడిలా ఒక మండలం కాపలా కాశాడు. నలభై ఒకటో రోజున గోతాలు తీసి, "ఏనుగొచ్చి తన్నినా కట్టు ఏనుగు కాలికే" అన్నాడు. ఆ మాట అప్పటినుంచి ఏటా కొన్ని వందల సార్లు అంటూ వచ్చాడు.

అతని భార్య కమలమ్మాళ్ మొదటి వారమే కాలి బొటనవేలు బోల్టుకి కొట్టుకుంది. నాలుగు సోడా మూతలు తెచ్చి, లోపల కొంచెం వేపనూనె రాసి, బోల్టుల నెత్తిన పెట్టింది. తుప్పు పట్టినప్పుడల్లా మూతలు మార్చేది. ఒక బోల్టుకి చెంబు తగిలించింది, ఒకదానికి సబ్బు గుడ్డ, ఒకదానికి పీచు. నాలుగోదానికి ఏమీ తగిలించలేదు. అది వేళ్ళు కొట్టుకోవడానికి.

ఈ ఏడాది ఆమెకి మోకాలి చిప్ప మార్చారు. ఎత్తు మెట్లు ఎక్కకూడదని డాక్టరు చెప్పాడు. మేస్త్రి పెరుమాళ్సామిని పిలిపించారు. కమలమ్మాళ్ కట్టు కట్టిన కాలిని స్టూలు మీద చాపుకుని హాల్లో కూర్చుని చూస్తోంది. పెరుమాళ్సామి చొక్కా విప్పి, సమ్మెట ఎత్తి, ఒక్కటేశాడు. సమ్మెట కర్ర విరిగి, తల ఎగిరి, కిటికీలోంచి పోయి వీధిలో ఎవరి సైకిలు బెల్లునో మోగించింది. మెట్టు మెట్టులాగే ఉంది.

అప్పుడు రంగనాథన్ నవ్వాడు. అదే అతను చేసిన తప్పు. గట్టిగా కూడా నవ్వలేదు. చదువులో మొదటొచ్చిన కొడుకుని చూసి తండ్రి నవ్వినట్టు, మీసం కింద కొంచెం నవ్వాడు. కమలమ్మాళ్ ఆ నవ్వు చూసింది. మర్నాడు పొద్దున చెల్లెలి కొడుకు రాజ్‌మోహన్‌ని పిలిపించుకుని, కారెక్కి ద్రాక్షతోటల కంబంలో చెల్లెలు కోమలవల్లి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆరు వారాలు గడిచాయి. ఒక ఆదివారం రంగనాథన్ ఫోను చేశాడు.

"మోకాలు ఎట్లుండాది?"

"బాగుండాది. ఈడ బాత్‌రూము నేలంతా సమంగా ఉండాది. నడిచి పోతాను, నడిచి వస్తాను. తోటలోంచి ద్రాక్ష తెస్తారు, తింటాను."

"ఎప్పుడొస్తావు?"

"మెట్టు ఉండాదా?"

రంగనాథన్ తల తిప్పి చూశాడు. మెట్టు కూడా అతన్ని చూసింది.

"ఉండాది."

"ఇదో వినండి. వచ్చే శుక్రవారం రాజ్‌మోహన్ పని మీద కోయంబత్తూరుకి వస్తాండాడు. గురువారం సాయంత్రంలోపల మెట్టు పోయిందని చెప్తిరంటే వాని కార్లో వస్తాను. లేదంటే రేషన్ కార్డుని కంబానికి మార్చుకుంటాను. కోమలవల్లి ఫారం తెచ్చి పెట్టింది."

కమలమ్మాళ్ ఊరికే మాటలు చెప్పే మనిషి కాదు. ఫారం అన్నదంటే సంతకం కూడా పెట్టి ఉంటుంది. రంగనాథన్ ఫోను పెట్టేసి చాలాసేపు బియ్యం డబ్బా వైపు చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున టౌనుకి బస్సెక్కాడు. మిషన్లమ్మే వీధిలో ఒక అంగడి, దాని యజమాని ఉదయకుమార్. రంగనాథన్ తమిళంలో కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు చూపించమన్నాడు. పేరున్న కంపెనీది చూపించాడు. ధర విని రంగనాథన్ తనలో తాను తెలుగులో ఒక మాట అనుకున్నాడు. ఉదయకుమార్ మొహం వెలిగింది.

"మనవాళ్ళా? ముందే చెప్పకూడదా అన్నా? కూర్చోండి."

ధర తగ్గించలేదు, భాష మార్చాడు. తర్వాత మూలలోంచి ఒక ఆకుపచ్చ పెట్టె లాగాడు. పైన 'గజవీర' అని రాసి, ఏనుగు బొమ్మ వేసి ఉంది. ఇంటి వాడకానికట. పెద్దదాని ధరలో ఆరో వంతు.

"ఇది పగలగొడుతుందా?"

"గోడ, నేల, మెట్టు, ఏదైనా సరే. పదహైదు కేజీల బరువు ఉండాది, చెయ్యి జారకుండా పట్టుకోండి. పది నిమిషాలు నడపండి, పది నిమిషాలు ఆపండి. గ్రీజు చూసుకోండి. ఒక ఏడాది గ్యారంటీ. ఈ సీలు మాత్రం తియ్యకూడదు. సీలు తీస్తే గ్యారంటీ పోయింది."

"ఆమా ఆమా," అని ఔనన్నట్టు తలూపాడు రంగనాథన్.

ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా సీలు తీశాడు.

అది అతని తప్పనడానికి లేదు. తుడియలూరులో పుట్టి, తెరవకుండా మోటరుని నమ్మినవాడు ఇంతవరకూ లేడు. పెళ్ళిలో మిక్సీ కానుకగా ఇస్తే పెళ్ళికొడుకు తాళి కట్టేలోపల వాళ్ళ మామ దాన్ని విప్పి చూసుంటాడు. రంగనాథన్ నాలుగు స్క్రూలు తిప్పి, కవరు తీసి, కళ్ళద్దాలు సర్దుకుని లోపలికి చూశాడు. అప్పుడే అప్పసామి వచ్చాడు. అప్పసామి కమలమ్మాళ్‌కి పెదనాన్న కొడుకు. పక్క వీధిలో లేతు పట్టర. చెల్లెలు వెళ్ళిపోయినప్పటినుంచి రోజూ వచ్చి బావని చూసి, ఒక మాట పొడిచి, టీ తాగి వెళ్ళడం అతని అలవాటు.

"ఏమి బావా, కొత్త పెండ్లాముని ముసుగు తీసి చూస్తాండావా?"

"చూడు ఈ తీగ. నా నెత్తిన మిగిలిన వెంట్రుక దీనికన్నా లావు."

"నెత్తిన ఏడుండాది నీకు వెంట్రుక?"

"పది నిమిషాలు నడిపి పది నిమిషాలు ఆపాలంట. బావిలో మోటరు పద్దెనిమిది గంటలు తిరుగుతుంది. ఇది పది నిమిషాలకే పడుకుంటుందంట. ఇది మోటరా, కొత్త అల్లుడా?"

"ఆపి ఆపి నడిపితే నీ సొమ్మేమి పోతుంది? గురువారం చాలా దూరముండాది."

"ఆపి నడిపేది నాకు తెల్దు," అన్నాడు రంగనాథన్.

మంగళవారం, బుధవారం రెండు రోజులూ దానికి వైండింగ్ కట్టాడు. పాత తీగ పీకి బయట పారేశాడు. దాన్ని చూసి కాకి కూడా గూటికి పనికి రాదని వదిలేసింది. ఐదు హార్స్‌పవర్ మోటరుకి వాడే రాగి తీగ తెచ్చి, పట్టినంత చుట్టాడు. పట్టనిది సుత్తితో కొట్టి పట్టించాడు. వార్నిషు పోసి ఎండలో పెట్టాడు. పదహైదు కేజీల మిషను ఇరవై మూడు కేజీలయ్యింది. పెట్టె మీద ఏనుగు బొమ్మ దానికి ఇప్పుడు సరిపోయింది.

గురువారం తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా కరెంటు ఉండదని పేపర్లో వేశారు. నెలకొకసారి లైన్లు బాగుచేస్తారు. అందుకని రంగనాథన్ ఎనిమిదిన్నరకే దిగాడు. స్కూటరు హెల్మెట్టు పెట్టుకున్నాడు, చెవుల్లో దూది కుక్కున్నాడు. మొనదేలిన ఉలి బిగించాడు. మెట్టు నట్టనడుమ దాని మొన ఆనించి, రెండు చేతులా పట్టుకుని, ఒక్క క్షణం ఆగాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. తర్వాత రేషన్ కార్డు గుర్తొచ్చి ట్రిగ్గర్ నొక్కాడు.

ఆ తర్వాత జరిగింది తుడియలూరులో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కొందరు పెంచి చెబుతారు. ఇక్కడ చెప్పేది ఉన్నది ఉన్నట్టు.

మొదట వీధిలో ఇళ్ళ లైట్లు పసుపు రంగుకి తిరిగాయి. రెండు వీధుల అవతల రైసు మిల్లు నిట్టూర్చి ఆగింది. గజవీర మాత్రం ఆగలేదు. మూడో నిమిషంలో రంగనాథన్ ట్రిగ్గర్ మీంచి వేలు తీశాడు. అది తెలిసినట్టే లేదు దానికి. అంత కరెంటు లాగేసరికి లోపల స్విచ్చు కరిగి అతుక్కుపోయింది. వదిలేద్దామంటే వదిలిన మిషను ఎటు పోతుందో తెలియదు. పక్కనే వంటిల్లు, ఆ పక్కన దేవుడి గది. పట్టుకునే నిలబడ్డాడు. ఆ వేగానికి అతని మొహం రెండుగా కనిపిస్తోంది.

గుమ్మంలో అప్పసామి టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. నోటితో చెబితే వినబడదు కాబట్టి రంగనాథన్ కనుబొమలతో ప్లగ్గు వైపు చూపించాడు. బావ తన వైండింగ్ గురించి గొప్పలు పోతున్నాడనుకుని అప్పసామి బాగుంది అన్నట్టు తల ఊపాడు. కనుబొమలు మళ్ళీ ఎగిరాయి. అప్పసామి మళ్ళీ తల ఊపాడు. ఇలా నాలుగు నిమిషాలు పోయింది. గ్లాసులో టీ నురగగా మారి పైకి లేచి అతని చేతి మీద పడ్డాకే అతనికి సంగతి అర్థమైంది.

పోయి ప్లగ్గు లాగాడు. రాలేదు. ప్లగ్గూ సాకెట్టూ కరిగి ఒకటే ముద్ద అయిపోయాయి. ఫ్యూజు పోతుందేమోనని చూశాడు. పోదు. ఈ ఇంట్లో ఫ్యూజనేది పోకూడదని రంగనాథనే అక్కడ వేలెడు లావు రాగి తీగ వేసి పెట్టాడు. మెయిన్ స్విచ్చు పిడి కిందికి లాగాడు. పిడి చేతిలోకొచ్చింది, మెయిన్ గోడ మీదే ఉంది. ఆ పిడి తెచ్చి రంగనాథన్‌కి చూపించాడు. రంగనాథన్ చూశాడు. ఇద్దరూ గోడ గడియారం వైపు చూశారు. తొమ్మిదికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఎదురింటి ముత్తమ్మాళ్ చిలకకుండానే మజ్జిగ కుండలో వెన్న తేలింది. పక్క వీధిలో ఆరేళ్ళ కిందట ఎండిపోయిన బోరు ఒక బిందెడు నీళ్ళు కక్కింది. ఇక రంగనాథన్ హాల్లో గోడకి రోజుకొక కాగితం చింపే క్యాలెండరు ఉంది. ఆ అదురుకి ఉండుండి ఒక్కో కాగితం ఊడి రాలుతూ వచ్చింది. ఎనిమిదిన్నరకి ఆడి నెలలో, అంటే ఆషాఢంలో ఉన్న ఇల్లు తొమ్మిదికల్లా దీపావళికి చేరింది.

సరిగ్గా తొమ్మిదికి కరెంటు పోయింది.

అంత నిశ్శబ్దం తుడియలూరు అంతకు ముందు వినలేదు. రంగనాథన్, అప్పసామి కలిసి మిషను ఎత్తారు. వైరు ప్లగ్గుకి అతుక్కునే ఉంది కాబట్టి వైరు సాగినంత మేర వాకిట్లోకి ఈడ్చి, చల్లారనిమ్మని గేటు పక్కన మెత్తటి మట్టిలో ఉలి గుచ్చి నిలబెట్టారు. లోపలికొచ్చి చూశారు.

మెట్టు నడుమ కుంకుమ బొట్టంత గుంట పడింది. అంతే. ఉలి మొన మాత్రం చప్పరించి ఉమ్మిన బెల్లం ముక్కలా అయ్యింది.

రంగనాథన్ పెదవి మీసం కింద కదలబోయింది. నవ్వు రాబోయి, ఫోను గుర్తొచ్చి, రాకుండా ఆగిపోయింది. మెట్టు మీద కూలబడి ఫోను తీశాడు.

"ఏంటికి ఫోను?" అన్నాడు అప్పసామి.

"నీ చెల్లెలికి చెప్తాను. ఇంగ దేంతోనూ పగలదు ఇది. నేనే పోసినాను, నేనే ఓడిపోయినాను. కంబంలోనే ఉండనీ. ద్రాక్ష తిననీ."

అప్పసామి బావ వైపు చూశాడు. తర్వాత తల ఒక పక్కకి వంచాడు.

"బావా, నీవు ఊగుతాండావు."

"చెయ్యి వణుకుతాండాది."

"చెయ్యి కాదు బావా. నీవు మొత్తంగా ఊగుతాండావు."

రంగనాథన్ లేచాడు. వంగి చూశాడు. మెట్టు పగల్లేదు గానీ మెట్టు చుట్టూ ఉన్న నేలంతా పొడి పొడి అయిపోయింది. మెట్టు మింగలేని దెబ్బలన్నీ పక్కవాళ్ళకి పంచిపెట్టింది. చేత్తో నెడితే చిన్నపిల్లాడి పాలపన్నులా అటూ ఇటూ కదిలింది.

అప్పసామి పట్టరకి పరుగెత్తి ఇనుప ముక్కాలి స్టాండూ చైను పుల్లీ తెచ్చాడు. బోర్లోంచి మోటార్లు పైకి లాగే సామాను అది. చైను దేనికి తగిలించాలని అడిగే పనే పడలేదు. నాలుగు బోల్టులూ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాయి. సోడా మూతలు తీస్తే లోపల మరలు నిన్న కోసినట్టు మెరుస్తున్నాయి. ఒక్క చోట తుప్పు లేదు. రంగనాథన్ ఒక మూత చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. వేపనూనె. మూతలు నాలుగూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

మెట్టు పైకి లేచింది. పన్ను లాగినట్టు వేరుతో సహా, పైన ఎంతుందో కిందా అంతే. పైపుల మీద దొర్లించుకుంటూ మధ్యాహ్నానికి గేటు దాకా తెచ్చారు. ఈలోగా కబురందుకుని పెరుమాళ్సామి వచ్చి, బాత్‌రూమ్ ముందర గుంట పూడ్చి, గుమ్మానికి సమంగా నేల చేసి సిమెంటు పూశాడు. వీధిలోకి ముఖం పెట్టి కాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. అతనికి ఆ హక్కు ఉంది.

ముగ్గురూ టీ తాగుతుండగా నాలుగయ్యింది. నాలుగింటికి కరెంటు వచ్చింది.

గజవీర స్విచ్చు అతుక్కునే ఉందన్న సంగతి ముగ్గురూ మరిచిపోయారు. గజవీర మరిచిపోలేదు. గుచ్చిన చోటే మొదలుపెట్టింది. మట్టి రెండు పక్కలా ఎగిరింది. తిరుగుతూ, దిగుతూ, తనకి తానే గుంట తవ్వుకుంటూ పోయింది. వైరు చాలక తెగే దాకా ఆగలేదు. తెగాక చూస్తే మనిషి నడుము లోతు గుంట. మిషను అడుగున, పొగ వస్తోంది. రంగనాథన్ దిగి దాన్ని పైకి తెచ్చి పక్కన పడుకోబెట్టి, పైన ఒక తువ్వాలు కప్పాడు.

"గ్యారంటీ ఉండాదా?" అన్నాడు అప్పసామి.

మెట్టుని పట్టరకి చేరుద్దామని ముగ్గురూ మళ్ళీ పైపుల మీద తోశారు. తవ్విన మట్టిలో పైపులు జారాయి. మెట్టు మెల్లగా వంగి గుంటలోకి దిగి, కొలిచి తవ్వించుకున్నట్టు సరిగ్గా కూర్చుంది. పైన జానెడే మిగిలింది. ఇంకోసారి దాన్ని కదుపుదామని ఎవరూ అనలేదు.

ఐదున్నరకి రంగనాథన్ ఫోను చేశాడు.

"మెట్టు పోయింది."

"పగిలిందా?"

"పోయింది."

"పగిలిందా అని అడిగితిని."

"పగల్లే."

"అయితే ఎక్కడికి పోయింది?"

"గేటు కాడికి."

"గేటు కాడ ఏమి చేస్తాండాది?"

రంగనాథన్ కిటికీలోంచి చూశాడు. అంతవరకూ దాని గురించి ఆలోచించలేదు.

"నీవు దిగేకి వేసినాను," అన్నాడు.

శుక్రవారం పొద్దునంతా అతనూ అప్పసామీ దాని దగ్గరే కూర్చున్నారు. అప్పసామి ఇనుప పైపుకి పాదాలు కోసి తెచ్చాడు. బోల్టులకి సరిగ్గా పట్టాయి. నాలుగు నట్లు బిగించి, చెయ్యి పట్టుకునే కమ్మీ నిలబెట్టి, కదిపి చూశాడు రంగనాథన్. తర్వాత అప్పసామిని కూడా కదిపి చూడమన్నాడు. తర్వాత సోడా మూతల్లో కొత్తగా వేపనూనె రాసి, నట్ల నెత్తిన పెట్టాడు.

పదకొండింటికి రాజ్‌మోహన్ కారు వచ్చింది. ఎత్తు బండి. ఎక్కేటప్పుడు కంబంలో కమలమ్మాళ్‌ని కుర్చీ మీద నిలబెట్టి ఎక్కించారట. తలుపు తెరుచుకుంది. ఆమె కాలు బయటికి చాపి, కిందికి చూసి ఆగింది. బండికీ నేలకీ సరిగ్గా నడుమ మెట్టు ఉంది. కమ్మీ పట్టుకుంది. ఒక కాలు పెట్టింది, రెండో కాలు పెట్టింది, నేల మీదికి దిగింది. వంగి మూతలు చూసింది.

ఇంట్లోకి నడిచింది. బాత్‌రూమ్ దాకా నడిచి, గుమ్మం ముందర పాదంతో నేలని తడిమి, లోపలికి పోయి తిరిగొచ్చింది. రంగనాథన్ హాలు నడుమ పరీక్ష రాసినవాడిలా నిలబడి ఉన్నాడు.

"పరవాలేదు," అంది కమలమ్మాళ్.

తర్వాత కుర్చీలో కూర్చుంటూ గోడ వైపు చూసింది. క్యాలెండరులో దీపావళి కనిపించింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఏమి ఇది? నేను పోయి అన్ని నెలలైందా?"

"నాకి అట్లనే ఉండింది," అన్నాడు రంగనాథన్.

కమలమ్మాళ్ చేతి సంచిలోంచి రేషన్ కార్డు ఫారం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒక కాలు పొట్టిదై ఊగుతున్న స్టూలు కింద దోపమని అప్పసామి చేతికిచ్చింది.